బేగి చేరడం కాదు... ఇంటికి చేరడం ముఖ్యం

తెల్లారగట్ల మూడు గంటలు. కల్లం దగ్గర పికప్ వ్యాను ఆగి ఉంటుంది. వంకాయ బస్తాలు, బెండకాయ గోతాలు, ఆనపకాయలు ఒకటొకటిగా ఎక్కుతుంటాయి. ఎవరో ఒకరు కేకేస్తారు: "బేగి కానియ్యండి, తెల్లారితే రేటు పడిపోద్ది." ఇంకొకరు డ్రైవరు భుజం మీద చెయ్యేసి, "గంటలో విశాఖపట్నంలో దించీయాల నాయనా" అంటారు. కుర్రాడు నవ్వుతాడు. "మన బండికి లిమిటర్ పీకించీసాను మామా. నూరు మీద పోద్ది. బెంగెట్టుకోకండి" అంటాడు.

ఆ మాట వినగానే మనకు ధైర్యం వస్తుంది. ఈ బండి మంచిది, ఈ కుర్రాడు పనిమంతుడు అనుకుంటాం. రైతు సోదరులారా, నిజానికి బెంగ పెట్టుకోవాల్సింది ఆ మాట విన్నప్పుడే.

ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా, చీపురుపల్లి నుంచి గజపతినగరం దాకా పంటల కబుర్ల కోసం తిరుగుతున్నప్పుడు ఈ మాట నాకు తరచుగా వినబడుతోంది. సొంత పికప్ కొనుక్కున్న రైతు బిడ్డలూ ఇదే అంటున్నారు, కిరాయికి తిప్పేవారూ ఇదే అంటున్నారు. పంట పండించడం ఎంత ముఖ్యమో, ఆ పంటతోపాటు మనిషి క్షేమంగా వెళ్లి రావడం అంతకన్నా ముఖ్యం. అందుకే ఈ వారం పురుగుమందుల సంగతి పక్కనబెట్టి, బండి సంగతి రాస్తున్నాను.

అసలు లిమిటర్ అంటే ఏమిటి?

మనకిది కొత్త వస్తువేమీ కాదు. బావి దగ్గర ఆయిలింజను వాడినవారందరికీ గవర్నర్ తెలుసు. ఇంజను మరీ జోరందుకోకుండా డీజిలును అదుపులో పెట్టేది అదే. గవర్నర్ పాడైతే ఇంజను ఎలా అరుస్తుందో, ఎలా ఎగిరెగిరి పడుతుందో చూసినవాళ్లున్నారు. అప్పుడు దాని దగ్గరకు వెళ్లడానికే భయపడతాం. పికప్ వ్యానులోని స్పీడ్ లిమిటర్ కూడా ఆ జాతిదే. దాన్ని స్పీడ్ గవర్నర్ అని కూడా అంటారు. బండి నిర్ణయించిన వేగానికి చేరిందంటే, డ్రైవరు కాలితో ఎంత తొక్కినా ఇంజనుకు అంతకుమించి డీజిలు అందనివ్వదు. చెరువు మదుముకు తలుపు ఉన్నట్టన్నమాట. నీరు ఎంత వదలాలో తలుపు చూసుకుంటుంది. తలుపు పీకేస్తే ముందు కొట్టుకుపోయేది కాలువ గట్టే.

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 118వ నిబంధన దీని గురించి చెబుతుంది. 2015 ఏప్రిల్‌లో దాన్ని సవరించారు. 2015 అక్టోబరు 1 నుంచి తయారైన రవాణా వాహనాలకు గంటకు 80 కిలోమీటర్లు దాటకుండా ఈ పరికరాన్ని కంపెనీవారే బిగించి ఇవ్వాలి. టాంకర్లు, డంపర్లు, స్కూలు బస్సులకైతే 60 కిలోమీటర్లే. టూవీలర్లకు, ఆటోలకు, అంబులెన్సులకు, ఫైరింజన్లకు మినహాయింపు ఉంది. సరుకు మోసే పికప్‌కు మాత్రం మినహాయింపు లేదు. 80 దాటి పోలేవని పరీక్షల్లో తేలిన చిన్న బండ్లకు ఎలాగూ దీని అవసరం లేదు.

ఎందుకు పీకిస్తున్నారు?

అడిగితే నాలుగు కారణాలు చెబుతారు. ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది: "లిమిటర్ ఉంటే బండి లాగదు." ఇది అపోహ. సరిగా పనిచేసే లిమిటర్ 80 దగ్గరకు వెళ్లేదాకా జోక్యం చేసుకోదు. బురదలోంచి లాగాలన్నా, లోడుతో సాలూరు ఘాట్ ఎక్కాలన్నా మనం వెళ్లేది రెండో గేరులోనో, మూడో గేరులోనో. అక్కడ లిమిటర్‌కు పనే లేదు. బండి నిజంగా లాగడం లేదంటే డీజిలు ఫిల్టరో, ఎయిర్ ఫిల్టరో, క్లచ్చో చూపించుకోవాలి. లేదా లిమిటరే చెడిపోయి 50, 60 దగ్గరే ఆపేస్తూ ఉండవచ్చు. చెడితే బాగుచేయించుకోవాలి. మోటారు స్టార్టరు చెడిందని వైర్లు నేరుగా కలిపేస్తే ఏమవుతుందో మనకు తెలియనిదా?

రెండోది: "మైలేజీ రావడం లేదు." ఇది తలకిందుల మాట. వేగం పెరిగేకొద్దీ గాలి బండిని వెనక్కి నెడుతుంది. 80లో ఉన్నప్పటికంటే 100లో ఆ ఒత్తిడి ఒకటిన్నర రెట్లు దాటుతుంది. ఆ గాలిని చీల్చుకుని పోవడానికి కాలేది మన డీజిలే.

మూడోది: "లారీని దాటాలంటే స్పీడు కావాల." లారీ 70లో పోతున్నప్పుడు లోడు బండితో దాన్ని దాటడం అసలు అవసరమా? దానివెనకే వెళితే పోయేది నాలుగు నిమిషాలు. ఎదురుగా బండి వస్తుంటే, 100లో ఉన్నా 120లో ఉన్నా తప్పించుకోలేని చోట్లు మన రోడ్ల మీద ఎన్నో ఉన్నాయి.

నాలుగోదే అసలుది: "బేగి చేరాల." దీనికి లెక్క వేసి చూద్దాం.

లెక్క మీరే వేయండి

నూరు కిలోమీటర్ల దూరం అనుకుందాం. శ్రీకాకుళం నుంచి విశాఖపట్నం ఇంచుమించు అంతే, కాస్త ఎక్కువే. ఎక్కడా ఆగకుండా 80లో వెళితే గంటా పావు. 100లో వెళితే గంట. మిగిలేది పావుగంట. అదీ ఎక్కడా ఆగకపోతేనే. టోలు గేటు, ఊళ్ల దగ్గర స్పీడ్ బ్రేకర్లు, అడ్డొచ్చే గొర్రెల మంద, టీ కోసం ఆగడం, అన్నీ కలిస్తే చివరకు మిగిలేది ఐదారు నిమిషాలు. అంటే బస్తాల మూతులు కుట్టడానికి పురికోస వెతుక్కునేంత సేపు.

ఇప్పుడు రెండో వైపు లెక్క చూడండి. గేదె అడ్డొచ్చింది. చూసి, కాలు బ్రేకు మీదకు వెళ్లేసరికి ఒకటిన్నర సెకను పడుతుంది. తర్వాత బ్రేకు పట్టి బండి ఆగాలి. పొడి తారురోడ్డు, మంచి బ్రేకులు, లోడు సరిగా ఉన్న బండి అనుకుని లెక్క కడితే సుమారుగా ఇలా వస్తుంది. 60లో వస్తుంటే 53 మీటర్లలో ఆగుతుంది. 80లో అయితే 83 మీటర్లు. 100లో అయితే దాదాపు 120 మీటర్లు కావాలి.

మన భాషలో చెప్పాలంటే, నలుచదరంగా ఉన్న ఎకరం మడికి ఒక పక్క గట్టు 64 మీటర్లు ఉంటుంది. 100లో వచ్చే బండి ఆగాలంటే అలాంటి గట్లు దాదాపు రెండు దాటాలి. ఇంకో మాట. 80లో వచ్చిన బండి పూర్తిగా ఆగిపోయిన చోట, 100లో వచ్చిన బండి ఇంకా 70 కిలోమీటర్ల వేగంతో పోతూనే ఉంటుంది. ఆ చోట నిలబడి ఉన్నది గేదె కావచ్చు, బడికి పోయే గుంటడు కావచ్చు. పెరిగిన వేగం ఇరవయ్యే గదా అని అనుకోకూడదు. గుద్దే బలం ఒకటిన్నర రెట్లు పెరుగుతుంది.

ఇదంతా మంచి రోడ్డు, మంచి టైర్లు అనుకుని వేసిన లెక్క. వాన పడి రోడ్డు తడిసినా, అరిగిపోయిన టైర్లున్నా, పరిమితికి మించి బరువున్నా ఆ దూరం ఇంకా పెరుగుతుంది. కోతల కాలంలో మనమే రోడ్డు మీద ధాన్యం, మొక్కజొన్న ఆరబోస్తాం. గింజల మీద బ్రేకు వేస్తే చక్రం ఎలా జారుతుందో స్కూటరు మీద పడ్డవాళ్లను అడగండి.

లోడు బండి కారు కాదు

పికప్ ఖాళీగా ఉన్నప్పుడు ఒక రకం, లోడు పడ్డాక ఇంకో రకం. బస్తా మీద బస్తా పేర్చి, పైన గడ్డి మోపులు కట్టి, ఆపైన ఇద్దరు మనుషులు కూర్చుంటే బరువంతా పైకి చేరుతుంది. 60లో తిరిగే వంపు 90లో తిరగదు, బండి పక్కకు ఒరిగిపోతుంది. ఎక్కువ బరువు కోసం కమాను పట్టీలు అదనంగా వేయించుకుంటారు. పట్టీలు బలిశాయి సరే, బ్రేకులు బలవలేదు కదా! టైరూ అంతే. ఎక్కువ బరువు, ఎక్కువ వేగం, మే నెల ఎండ ఈ మూడూ కలిస్తే టైరు వేడెక్కి పేలుతుంది. కంపెనీవారు బ్రేకులు, టైర్లు, స్ప్రింగులు అన్నీ ఒకదానికొకటి సరిపోయేలా చూసి బండి చేస్తారు. అందులో ఒక్క వేగాన్ని మనం మార్చేస్తే మిగతావి మారవు.

ఒక సంగతి మాత్రం దాచకూడదు. లిమిటర్ ఉన్నంత మాత్రాన బండి భద్రం కాదు. అది బ్రేకు కాదు. ఘాట్ దిగుతున్నప్పుడు బండిని అది ఆపదు, చిన్న గేరులో దిగాల్సిందే. ఊళ్లో 60 అయినా ఎక్కువే. సరుకు వాహనాలకు నాలుగు వరుసల రోడ్డు మీద 80, పురపాలక ప్రాంతాల్లో, మిగతా రోడ్ల మీద 60 అని కేంద్రం 2018లో పరిమితి పెట్టింది. రాష్ట్రాలు అంతకంటే తగ్గించవచ్చు కూడా. లిమిటర్ కాపాడేది ఆఖరి గట్టును మాత్రమే. ఆ గట్టు కూడా మనమే తెంపుకుంటే ఇంక దిక్కేమిటి?

మా మేనమామ గారి ఊళ్లో

పేర్లు రాయను. వాళ్ల బాధ వాళ్లకుంది. మా మేనమామ గారి ఊళ్లో ఒక రైతు కొడుకు అప్పు చేసి పాత పికప్ కొన్నాడు. రెండెకరాల పల్లం, అరెకరం కూరగాయల మెట్ట ఉన్న కుటుంబం. పక్క టౌనులో ఒక మెకానిక్కు కొంత డబ్బిచ్చి లిమిటర్ తీయించాడు. నాలుగు నెలలు బాగానే తిప్పాడు. ఊళ్లో అందరూ అతని బండికే ఎగబడేవారు. నేనూ రెండుసార్లు ఎక్కాను. "బాగా తోలతాడు" అని మెచ్చుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ తప్పు నాదీను.

పుష్యమాసం మంచులో ఒక తెల్లవారుజామున హైవే మీద డివైడరు ఖాళీలోంచి ఎడ్లను తోలుకుంటూ ఒక ముసలాయన దాటుతున్నాడు. కుర్రాడు చూశాడు, బ్రేకు తొక్కాడు, స్టీరింగు తిప్పాడు. ముసలాయన బతికాడు. బండి పక్కకు పడింది. వెనక బస్తాల మీద కూర్చున్న కుర్రాడి తండ్రికి తుంటి ఎముక విరిగింది. టమాటాలు రోడ్డంతా పరుచుకున్నాయి. ఆపరేషనుకు మెట్ట అమ్మాల్సి వచ్చింది. బండి బాగుచేయించడానికి బీమా డబ్బు అడిగితే, చూడడానికి వచ్చినాయన మొదట అడిగిన ప్రశ్న "ఈ వైరు ఎవరు కత్తిరించారు?" అని. ఆ ఫైలు అక్కడే ఆగిపోయింది. అప్పు వాయిదాలు మాత్రం ఆగలేదు. మొన్న ఉభాల టైములో వెళితే పెద్దాయన గట్టు మీద మంచం వేసుకుని, చేలో వంగినవాళ్లను చూస్తూ కూర్చున్నాడు. "బేగి పోవాలనుకున్నాం బాబూ" అన్నాడు. అంతే.

చట్టం ఏమంటుంది, బీమా ఏమంటుంది?

చట్టం ఒప్పుకోని రీతిలో బండిలో మార్పులు చేయించే యజమానికి ఆరు నెలల వరకు జైలు గానీ, ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా గానీ, రెండూ గానీ వేయవచ్చని మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ చెబుతోంది. అధిక లోడుకు రూ.20,000, ఆపై ప్రతి అదనపు టన్నుకు రూ.2,000 చొప్పున అదే సవరణలో ఉంది. రవాణా వాహనానికి ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. అక్కడ లిమిటర్ కూడా చూస్తారు. "ఫిట్‌నెస్ రోజుకు బిగించి మళ్లీ పీకేస్తాం" అనేవాళ్లున్నారు. ఫిట్‌నెస్ కాగితం బండిని ఆపదు, బ్రేకు ఆపుతుంది.

బీమా సంగతి ఇంకా గట్టిది. సరుకు బండిలో సరుకు యజమానికో, అతని తరఫున వచ్చే మనిషికో బీమా రక్షణ ఉంది. 1994లో చేసిన సవరణ ఆ మేలు చేసింది. కానీ ఊరికే ఎక్కినవాళ్లకు లేదు. సరుకు బండిలో ఉచితంగా ప్రయాణించేవారికి పరిహారం ఇవ్వాల్సిన బాధ్యత బీమా కంపెనీకి లేదని 2002లో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. ఉభాలకు, కోతలకు, జీడి తోటల్లో పనికి మన అక్కచెల్లెళ్లు ఇరవై మంది నిలబడి పోయే బండ్లు రోజూ చూస్తూనే ఉన్నాం. లిమిటర్ లేని బండిలో వాళ్లను ఎక్కించడమంటే కూలి డబ్బుతో పాటు వాళ్ల పిల్లల భవిష్యత్తును కూడా పందెం ఒడ్డడమే.

దేశం మొత్తం మీద 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. వారిలో నూటికి 71 మంది అతివేగం ఖాతాలోని వారే. మన హైవే పెద్దా చిన్నా చూడదు. 2012 నవంబరు 2న అర్ధరాత్రి దాటాక రణస్థలం మండలంలో కారు టాంకరును ఢీకొని ఎర్రన్నాయుడు గారు పోయిన సంగతి సిక్కోలు ఇంకా మరిచిపోలేదు. అంతటి నాయకుడికే రోడ్డు మినహాయింపు ఇవ్వలేదు. మనకు ఇస్తుందా?

తప్పు కుర్రాడిదొక్కడిదేనా?

ఇక్కడే నాకు మీతో పేచీ. లిమిటర్ పీకించింది కుర్రాడే. కానీ పీకించాలనే ఆశ పెట్టింది ఎవరు? "పలానావాడు గంటలో దించేశాడు, నువ్వు గంటన్నర చేశావు" అని కిరాయి దగ్గర మూతి ముడిచింది మనమే. నిదానంగా వెళ్లేవాడి బండి ఖాళీగా ఉంచి, దూకుడుగా పోయేవాడి బండికి క్యూ కట్టింది మనమే. వాడు చేసింది తప్పే, కానీ ఆ తప్పుకు కిరాయి కట్టింది మనం.

మన వెనకాల ఇంకొకరు ఉన్నారు. ఐదు గంటలకు ఒక రేటు, ఆరు గంటలకు ఇంకో రేటు చెప్పే మార్కెట్టు. కాయ అదే, తూకం అదే, గంట తిరిగేసరికి ధర కోసేస్తారు. ఆ కోత భయంతోనే రైతు తొందరపడతాడు, డ్రైవరును తొందరపెడతాడు. ఆలస్యానికి ధర తగ్గించేది మార్కెట్టు. ఆ తొందరకు ప్రాణం పోగొట్టుకునేది రైతు. దళారి బెడద తప్పించాలని 1999 జనవరిలో రైతుబజార్లు మొదలుపెట్టారు. అక్కడ దూరం నుంచి వచ్చే బండ్లకు దించుకునే చోటు, టైము ముందే కేటాయిస్తే సగం పరుగు తగ్గుతుంది. అధికారులు ఇది ఆలోచించాలి. రవాణా శాఖవారు కూడా రోడ్డు మీద రైతు బండిని ఆపడంతో సరిపెట్టకుండా, టౌనుల్లో లిమిటర్లు పీకే షెడ్ల మీద కూడా కన్నేయాలి. హైవే పక్క ఊళ్ల దగ్గర పశువులు, మనుషులు దాటే చోట దీపాలు, హెచ్చరిక బోర్డులు పెట్టాలి.

మన చేతిలో ఉన్నది

వాళ్లు చేసేదాకా ఆగనక్కర్లేదు. మన చేతిలో ఉన్న పనులు కొన్ని ఉన్నాయి.

కోసిన కాయ సాయంత్రమే ఏరి, బస్తా కట్టి ఉంచండి. తెల్లారగట్ల టార్చిలైటు వెలుగులో పోయే అరగంట అక్కడే మిగులుతుంది. 100లో పోయినా అంత మిగలదు.

నలుగురు రైతులు కలిసి ఒక బండి మాట్లాడుకున్నప్పుడు బయలుదేరే టైము ముందే పెట్టుకోండి. ఒకరి కోసం ముగ్గురు ఆగి, ఆ ఆలస్యాన్ని రోడ్డు మీద పూడ్చమంటే ఎలా?

కిరాయి మాట్లాడేటప్పుడే "లిమిటర్ ఉందా?" అని అడగండి. లేదంటే ఇంకో బండి చూడండి. నాలుగు బేరాలు పోతే ఐదో బేరానికి వాడే బిగించుకుంటాడు.

పాత బండి కొనేటప్పుడు టైర్లు, ఇంజనే కాదు, లిమిటర్ కూడా చూడండి. తెలిసిన డ్రైవరుతో ఖాళీ రోడ్డు మీద నడిపించి, 80 దగ్గర ఆగుతోందో లేదో చూసుకోండి. తీసేసి ఉంటే బిగించి ఇవ్వమనండి. కొన్నాక ఫిట్‌నెస్ దగ్గర నిలబడేది మీరే.

లిమిటర్ ఇబ్బంది పెడితే కంపెనీ సర్వీసు షెడ్డుకో, అనుమతి ఉన్న చోటుకో వెళ్లి సరిచేయించుకోండి. కాగితం తీసుకుని బండిలో పెట్టుకోండి.

ఆర్.సి.లో రాసిన బరువుకు మించి ఎక్కించవద్దు. బస్తాల మీద మనుషులు వద్దు. సరుకుతో వెళ్లే మనిషి ముందు సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకోవాలి.

ఆఖరుగా ఒక్క మాట. రేపు తెల్లారగట్ల మళ్లీ బండి ఎక్కుతారు. ఆ కుర్రాడు మన ఊరివాడే, మన పిల్లడి ఈడువాడే. ఎక్కేటప్పుడు అలవాటుగా నోటికొచ్చే "బేగి పోనీ" అన్న మాటను ఆపుకోండి. "నిమ్మళంగా పోనీ నాయనా, మాకేం తొందర లేదు" అనండి. ఆ మాట ఖర్చు లేనిది. ఆ మాట కోసమే ఎదురుచూసే డ్రైవర్లు కూడా ఉన్నారు.